ఎర్ర వైరుకు ఇచ్చే విలువ నల్ల వైరుకూ ఇవ్వాలి: కారు యాంప్లిఫయర్‌కు బాడీ ఎర్త్

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పనిలో తలపండిన ఆటో ఎలక్ట్రీషియన్ ఒకరు ఈరోజు మనతో ఉన్నారు. అక్కడ అందరూ పిలిచినట్టే నేనూ ఆయనను బాబాయ్ గారనే పిలుస్తాను. కారులో యాంప్లిఫయర్ బిగించుకున్నవారు మాకు పంపిన ప్రశ్నలు దాదాపుగా మూడు ఫిర్యాదుల చుట్టూనే తిరుగుతున్నాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ స్పీకర్లలో సన్నని కూత పెరుగుతోందని కొందరు, బేస్ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మిణుకుమంటున్నాయని కొందరు, కాసేపు గట్టిగా మోగిన తరువాత యాంప్లిఫయర్ ఎర్ర లైటు వెలిగించి ఆగిపోతోందని మరికొందరు రాశారు. బాబాయ్ గారూ, ఈ మూడింటిలో మీరు ముందు దేనిని పట్టుకుంటారు?

ఎలక్ట్రీషియన్: కారణాలు వేరువేరుగా ఉండవచ్చునమ్మా. అయినా ఆ మూడింటిలో ఏ ఫిర్యాదుతో బండి వచ్చినా నేను ముందుగా డిక్కీ తెరిచి, యాంప్లిఫయర్ నుంచి కారు బాడీకి వెళ్లే నల్ల వైరు చివర ఎక్కడ, ఎలా బిగించి ఉన్నదో చూస్తాను. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వచ్చే ఎర్ర వైరుకు జనం మంచి రాగి కొంటారు, ఫ్యూజు పెడతారు, తొడుగు వేస్తారు, కార్పెట్ కింద నుంచి ఎంతో ఓపికగా లాగుతారు. నల్ల వైరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఏదో మిగిలిన ముక్కను తీసుకుని, కంటికి కనిపించిన స్క్రూ కింద నొక్కి చేతులు దులుపుకుంటారు.

వ్యాఖ్యాత: ఎర్త్ వైరులో పెద్దగా కరెంటు పారదని చాలామంది నమ్మకం. ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గుకు ఉండే ఎర్త్ లాంటిదే ఇదీ అనుకుంటారు.

ఎలక్ట్రీషియన్: తప్పంతా అక్కడే మొదలవుతున్నది. ఇంట్లో ఎర్త్ వైరు ప్రమాదం జరిగినప్పుడే పనిలోకి దిగుతుంది, మిగతా సమయమంతా అందులో కరెంటు ఉండదు. కారులో బాడీయే బ్యాటరీ నెగటివ్‌కు తిరుగుదారి కాబట్టి, ఎర్ర వైరులో వచ్చిన ప్రతి ఆంపియరూ నల్ల వైరు గుండానే వెనక్కి పోవాలి. ఒక లెక్క చెబుతాను. నిజంగా 500 వాట్లు ఇవ్వగల, కరెంటును తక్కువగా వృథా చేసే డి క్లాస్ రకం యాంప్లిఫయర్ నూటికి 80 వంతుల సామర్థ్యంతో పనిచేస్తున్నదనుకుంటే, అది బ్యాటరీ వైపు నుంచి 625 వాట్లు లాగుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 వోల్టులు ఉంటాయనుకుంటే అది దాదాపు 45 ఆంపియర్లు. పాత ఏబీ క్లాస్ యాంప్లిఫయర్ అయితే ఇంకా ఎక్కువే లాగుతుంది. పాట సాగినంతసేపూ అంత కరెంటు పారదు గాని, బేస్ దెబ్బ పడిన క్షణంలో పారుతుంది. మన డెల్టా రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు, పంటకాలువ ఎంత వెడల్పుగా తవ్వినా మురుగుకాలువ పూడిపోతే చేను మునుగుతుందని అతనికి తెలుసు.

వ్యాఖ్యాత: అయితే నల్ల వైరు కూడా ఎర్ర వైరంత లావు ఉండాలన్నమాట.

ఎలక్ట్రీషియన్: అంతే లావు ఉండాలి, పొడవు మాత్రం వీలైనంత తక్కువ ఉండాలి. అడుగున్నర దాటకుండా చూసుకోమని మేము చెబుతుంటాము. అయితే అసలు కీలకం వైరు లావులో కాదు, అతుకులో ఉన్నది. 25 చదరపు మిల్లీమీటర్ల మంచి రాగి వైరు అర మీటరు తీసుకుని అందులో 45 ఆంపియర్లు పంపితే మనం పోగొట్టుకునేది 0.015 వోల్టు మాత్రమే. అదే వైరును పెయింటు సరిగా గీకని చోట బిగిస్తే, ఆ అతుకు దగ్గర ఓములో నూరో వంతు నిరోధం ఏర్పడిందనుకోండి, అక్కడే 0.45 వోల్టు పోతుంది. అంటే వైరు మొత్తం తినేదానికి 30 రెట్లు ఆ నాణెమంత చోటే తినేస్తుంది. పైగా ఆ క్షణంలో అక్కడ 20 వాట్ల వేడి పుడుతుంది. సన్నపని చేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది ఉంటుంది కదా, దానికి దగ్గర దగ్గర ఉన్నట్టు. వేడెక్కి చల్లబడే కొద్దీ నట్టు వదులవుతుంది, వదులైన కొద్దీ నిరోధం ఇంకా పెరుగుతుంది.

వ్యాఖ్యాత: ఆ అతుకును మీరు ఎలా చేస్తారో, మా శ్రోతలు కళ్లారా చూస్తున్నట్టుగా వివరించండి.

ఎలక్ట్రీషియన్: మొదట బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి పక్కకు పెట్టాలి, పని అంతా అయిన తరువాతే దానిని మళ్లీ బిగించాలి. తరువాత చోటు వెతకాలి. డిక్కీ నేలలో గానీ చక్రం పైనుండే మడతలో గానీ బాడీలో భాగంగా వెల్డింగ్ చేసిన మందపాటి రేకు కావాలి. డిక్కీ తలుపు, సీటు ఫ్రేము, ప్లాస్టిక్ ముక్కలను నిలిపే చిన్న బ్రాకెట్లు వంటివి పనికిరావు, ఎందుకంటే అవి బాడీకి బోల్టులతోనో కీలుతోనో అంటుకుని ఉంటాయి, ఆ మధ్యలో పెయింటు ఉంటుంది. సీటు బెల్టు బోల్టు మందంగా, గట్టిగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది కన్ను దాని మీదే పడుతుంది. దానిని ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోకూడదు. అది ప్రాణం కాపాడే బోల్టు, కంపెనీ ఎంత బిగువుతో బిగించిందో అంత బిగువుతోనే ఉండాలి, మధ్యలో మన థింబుల్, అంటే వైరు చివర తొడిగే రంధ్రమున్న లోహపు ముక్క, దూరిస్తే ఆ లెక్క తప్పుతుంది.

వ్యాఖ్యాత: కొత్తగా రంధ్రం వేయవలసి వస్తే?

ఎలక్ట్రీషియన్: డ్రిల్ పట్టుకునే ముందు బండి కిందకు వంగి చూడాలి. వెనుక సీటు కింద పెట్రోలు ట్యాంకు ఉంటుంది, దాని పక్కనుంచే పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం పోతుంటాయి. సీఎన్‌జీ బండి అయితే సిలిండరును గానీ, దానిని పట్టి ఉంచే పట్టీలను, బోల్టులను గానీ వాడుకోవడం మాట దేవుడెరుగు, వాటి దరిదాపుల్లో డ్రిల్ పెట్టడమే వద్దంటాను. చోటు కుదిరిన తరువాత థింబుల్ వెడల్పుకు కాస్త ఎక్కువగా పెయింటును గీకాలి. పైరంగు పోయాక బూడిద రంగులో ప్రైమరు కనిపిస్తుంది. చాలామంది దానినే ఇనుము అనుకుని అక్కడ ఆపేస్తారు. అది కూడా కరెంటును పోనివ్వదు. ఎమరీ కాగితంతో ఇంకా రుద్దితే ఒక్కసారిగా వెండిలా మెరిసే రేకు బయటపడుతుంది, అప్పుడు ఆపాలి. వైరు చివరకు సరైన సైజు థింబుల్‌ను క్రింపింగ్ టూలుతో నొక్కించాలి, కటింగ్ ప్లయరుతో చప్పగా నొక్కితే పోగులు కొన్నాళ్లకు జారిపోతాయి. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు, స్టార్ వాషరు, అవతలి వైపు నట్టు వేసి బిగించాలి. సెల్ఫ్ స్క్రూతో సరిపెట్టే అలవాటు మా వాళ్లలోనూ ఉన్నది గాని నాకు అది ససేమిరా నచ్చదు. పలచని రేకులో ఆ మర పట్టుకునేది రెండు చుట్లే, బండి అదురుకు అది ఎన్నాళ్లు నిలుస్తుంది?

వ్యాఖ్యాత: పెయింటు గీకేసిన చోట తుప్పు పట్టదా? మన ఊరి ఉక్కపోత సంగతి తెలిసిందే.

ఎలక్ట్రీషియన్: తప్పకుండా పడుతుంది. అందుకే బిగించడం పూర్తయిన తరువాత, బోల్టు తలనూ చుట్టూ తేలిన ఇనుమునూ పైకీ కిందకూ పెయింటుతో గానీ గ్రీజుతో గానీ మూసేయాలి. వరుస ముఖ్యం, ముందు ఇనుమూ థింబులూ నేరుగా కలవాలి, తరువాతే పైపూత. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు నీట మునిగిన బండ్లను తలచుకోండి. ఇంజను, సీట్లు బాగుచేయించుకున్నవారు కూడా కార్పెట్ కింద ఉన్న ఎర్త్ పాయింట్లను విప్పించి చూసుకుని ఉండకపోవచ్చు. అలా మునిగిన బండిలో యాంప్లిఫయర్ ఉంటే ఆ బోల్టును ఒకసారి విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించుకోవడం మంచిది.

వ్యాఖ్యాత: ఇంజను వేగంతో పాటు పెరిగే కూత సంగతికి వద్దాము. దానికి వైరు లావుతో సంబంధం ఉన్నదా?

ఎలక్ట్రీషియన్: నేరుగా లేదమ్మా. ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు పూర్తిగా నున్నగా ఉండదు, అందులో చిన్న చిన్న అలలు ఉంటాయి, ఇంజను వేగం పెరిగితే ఆ అలల వేగమూ పెరుగుతుంది. ముందు డాష్‌బోర్డులోని స్టీరియో ఒక చోట ఎర్త్ అవుతుంది, వెనుక యాంప్లిఫయర్ మరొక చోట ఎర్త్ అవుతుంది. ఆ రెండు చోట్ల మధ్య వోల్టులో ఏ కొద్ది తేడా ఉన్నా, పాటను స్టీరియో నుంచి యాంప్లిఫయర్‌కు తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ లోహపు పైతొడుగు గుండా ఆ అలల కరెంటు పారుతుంది. యాంప్లిఫయర్ దానినీ పాటే అనుకుని పెంచి వినిపిస్తుంది. పరీక్ష సులువే. అన్నీ ఆపి, యాంప్లిఫయర్ దగ్గర ఆర్‌సీఏ పిన్నులు తీసి, మళ్లీ ఇంజను నడపండి. కూత ఆగిపోతే అది స్టీరియో వైపు నుంచి, కేబుల్ దారిన వస్తున్నట్టు. ఆగకపోతే యాంప్లిఫయర్ సొంత వైరింగులోనే లోపం ఉన్నట్టు.

వ్యాఖ్యాత: గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా అమ్ముతున్నారు కదా, అది పెడితే సరిపోదా?

ఎలక్ట్రీషియన్: కూత పోవచ్చు, కాదనను. అందులో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, అవి పాటను పంపి, కేబుల్ తొడుగు దారిని తెంచుతాయి. అయితే చవక డబ్బాలు లోతైన బేస్‌ను కూడా కొంత మింగేస్తాయి. బేస్ మోగించే పెద్ద స్పీకరు, అదే ఊఫర్ కోసమే అంత ఖర్చు పెట్టి, ఆ బేస్‌నే తగ్గించుకోవడంలో అర్థం లేదు. పైగా వదులైన ఎర్త్ అలాగే మిగిలిపోతుంది. మా షెడ్డుకు వచ్చిన ఒక టాక్సీలో యాంప్లిఫయర్ నల్ల వైరు పూర్తిగా ఊడిపోయినా పాట మాత్రం వస్తూనే ఉన్నది. తిరుగుదారి లేని కరెంటు ఆర్‌సీఏ కేబుల్ తొడుగును పట్టుకుని స్టీరియోలోకి పోయి, అక్కడి ఎర్త్ దారిన బాడీకి చేరుతున్నది. మేము స్టీరియో విప్పి చూసేసరికి, సర్క్యూట్ బోర్డు మీద ఆర్‌సీఏ సాకెట్ల పక్కనుండే సన్నని రాగి గీత నల్లగా కాలి లేచిపోయి ఉన్నది, కేబుల్ ప్లాస్టిక్ ఆ చివర మెత్తబడింది. ఎర్త్ వైరుకు కూడా ఫ్యూజు పెట్టమని కొందరు అడుగుతారు, నేను వద్దనడానికి కారణం ఇదే. ఆ ఫ్యూజు పోతే వైరు ఊడినట్టే కదా. ఫ్యూజు ఎర్ర వైరుకు, బ్యాటరీకి అడుగున్నర లోపు ఉంటే చాలు.

వ్యాఖ్యాత: అంతా బిగించాక ఎర్త్ బాగా కుదిరిందో లేదో ఇంట్లో ఉన్న మల్టీమీటరుతో తెలుసుకోవచ్చునా?

ఎలక్ట్రీషియన్: తెలుసుకోవచ్చు గాని, ఓముల మీద పెట్టి చూస్తే మోసపోతారు. మామూలు మీటరు పుల్లలకే ఓములో కొన్ని పదోవంతుల నిరోధం ఉంటుంది, మనం వెతికేది నూరో వంతు, వెయ్యో వంతు. అందుకే డీసీ వోల్టుల మీద పెట్టాలి. ఇంజను నడుస్తుండగా, ఊఫర్ గట్టిగా మోగుతుండగా, ఒక పుల్లను యాంప్లిఫయర్ ఎర్త్ టెర్మినల్ మీద, పొడవైన వైరు కలిపిన రెండో పుల్లను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద ఉంచండి. 0.1 వోల్టు దాటకపోతే నేను సంతోషిస్తాను. 0.4, 0.5 కనిపిస్తే ఎక్కడో అతుకు చెడినట్టు. అప్పుడు రెండో పుల్లను బోల్టు పక్కన గీకిన రేకు మీదకు మార్చండి. తేడా అంతా అక్కడే కనిపిస్తే మన అతుకుదే దోషం. అక్కడ దాదాపు సున్నా వస్తే, బాడీ నుంచి బ్యాటరీకి వెళ్లే కంపెనీ కేబులునూ దాని బోల్టునూ అనుమానించాలి. పాత బండ్లలో ఆ కేబుల్ సన్నగా ఉంటుంది, చివరలు పాచిపట్టి ఉంటాయి, దానికి తోడుగా ఇంకొక లావు వైరు వేస్తే హెడ్‌లైట్ల మిణుకు కూడా తగ్గడం చూశాను.

వ్యాఖ్యాత: అయితే యాంప్లిఫయర్ నల్ల వైరునే నేరుగా బ్యాటరీ నెగటివ్ దాకా లాగితే గొడవ వదిలిపోదా?

ఎలక్ట్రీషియన్: కొత్త బండ్లలో జాగ్రత్తమ్మా. ట్రాఫిక్‌లో ఇంజను తనంతట తాను ఆగి మళ్లీ స్టార్టయ్యే బండ్లలో చాలావాటికి నెగటివ్ టెర్మినల్ మీదే ఒక సెన్సరు ఉంటుంది, బ్యాటరీలోకి ఎంత కరెంటు వస్తున్నదీ, ఎంత పోతున్నదీ అది లెక్కపెడుతుంది. మనం నేరుగా పోస్టుకు బిగిస్తే యాంప్లిఫయర్ వాడే కరెంటు ఆ లెక్కలోకి రాదు, ఛార్జింగ్ లెక్క తప్పుతుంది. కాబట్టి సెన్సరుకు అవతల, బాడీ వైపే బిగించాలి. ఇంకొక మాట, వైరు కొనేటప్పుడు చివర పోగులను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా వస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. దానిని వాడకూడదని కాదు గాని, అదే పనికి రాగి కంటే ఒకటి రెండు సైజులు లావుది తీసుకోవాలి.

వ్యాఖ్యాత: బాబాయ్ గారూ, ఒక శ్రోత తన బండిలో రెండు యాంప్లిఫయర్లు ఉన్నాయని, రెండింటినీ వేరువేరు చోట్ల ఎర్త్ చేయాలా అని అడిగారు.

ఎలక్ట్రీషియన్: ఒకే చోట చేయమనండి. రెండు వైర్లను ఒకే బోల్టుకు, రెండు థింబుల్స్ వెనుకా వెనుకా తాకేలా పెట్టి బిగించవచ్చు, లేదా మంచి ఎర్త్ బ్లాకు ఒకటి పెట్టి అక్కడి నుంచి లావు వైరుతో బాడీకి కలపవచ్చు. ఆ తరువాత రెండు యాంప్లిఫయర్లనూ ఒకేసారి మోగిస్తూ మీటరు చూడమనండి. ఒక్కొక్కదానిని విడిగా మోగించి చూస్తే రీడింగు బాగానే కనిపిస్తుంది, రెండింటి కరెంటూ కలిసినప్పుడే ఆ బోల్టు అసలు పస బయటపడుతుంది.