బొమ్మ గీసినోని ఎనక ఎవరుండాలె

అందరికీ నమస్తే, బాగున్నరా.

మా నల్లగొండల నాకు తెలిసిన పిల్లగాడొకడు ఫోన్ల కార్టూన్ గీసి వాట్సాప్ గ్రూప్ల పెట్టిండు. రోడ్డు మీద గుంత, దాంట్ల వాననీళ్లు, ఆ నీళ్లల్ల ఒక లీడర్ పడవేసుకొని దండాలు పెట్టుకుంట ఓట్లు అడుగుతుండు, అంతే, పేరు లేదు పార్టీ గుర్తు లేదు. రాత్రి పది గాకముందే ఫోనొచ్చిందట, తీసేస్తవా కేసు పెట్టాల్నా అని. వాళ్లమ్మ ఏడ్చింది, పిల్లగాడు తీసేసిండు. అప్పటిసంది మళ్ల గియ్యలే.

నాకు మనసున పడ్తలేదు, ఎందుకంటే కార్టూన్లల్ల మన జిల్లా పేరు చిన్నది గాదు. శేఖర్ మన దిక్కోడే, క్యాన్సర్ తోటి కొట్లాడుకుంటనే బొమ్మలు గీసిండు, 2014ల పోయిండు. అదే ఏడు మన నల్లగొండ బిడ్డ పామర్తి శంకర్ గీసిన నెల్సన్ మండేలా బొమ్మకు వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రి వచ్చింది.

రాజ్యాంగంల 19(1)(ఎ) మాట్లాడే హక్కు ఇచ్చింది, బొమ్మ గూడ మాటే. 19(2)ల హద్దులున్నయి, పరువునష్టం, నేరానికి ఉసిగొల్పుడు అసొంటివి, కాదంటలేను. కానీ లీడర్‌కు కోపమొచ్చుడు ఆ హద్దులల్ల యాడ లేదు.

అసలు గోస జైలు గాదు, కోర్టుల సుట్టు తిరుగుడు. కలకత్తల జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్ర ముఖ్యమంత్రి మీది కార్టూన్‌ను ఈమెయిల్‌ల పంపిండని 2012 ఏప్రిల్‌ల అరెస్ట్ చేసిండ్రు. ఆయన మీద పెట్టిన ఐటీ చట్టంల 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015ల కొట్టేసింది, అయినా ఆయన కేసుల నుంచి బయటపడింది 2023ల. దగ్గర దగ్గర 11 ఏండ్లు! ప్రొఫెసర్‌కు జీతమన్న ఉంటది, మన పిల్లగాడు వాయిదాకు పోయిన్నాడల్లా కూలి పోగొట్టుకోవాలె, వకీలు ఫీజు యాడికెల్లి తేవాలె చెప్పుండ్రి.

పత్రికల ఉంటె ఎనక ఎడిటర్ ఉంటడు. 1987ల ఆనంద వికటన్ అనే తమిళ పత్రిక అట్ట మీది కార్టూన్‌కు తమిళనాడు అసెంబ్లీ శిక్ష వేస్తే జైలుకు పోయింది ఎడిటర్ బాలసుబ్రమణియన్. ఫోన్ల గీసే పిల్లలకు ఎవరున్నరు? అందుకే చెప్తున్న, బెదిరింపు మెసేజ్ వస్తె డిలీట్ కొట్టకుండ్రి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండ్రి. జిల్లా కోర్టుల న్యాయ సేవాధికార సంస్థ ఉంటది, ఆమ్దానీ తక్కువున్నోళ్లకు, ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఫ్రీగ వకీలునిస్తరు, నంబర్ 15100. ఎడిటర్లు, వకీళ్లు ఇంటుంటె మీకు గూడ ఒక మాట, గసొంటి పిల్లలు మీ ఆఫీసు మెట్లెక్కితె ముందుగాల కూసొబెట్టి మాట్లాడుండ్రి.

మొన్న ఆ పిల్లగాని ఇంటికి పోయిన. నీ బొమ్మ నా ఫోన్ల ఇంక ఉన్నది బిడ్డా అని తీసి చూపెట్టిన. చానాసేపు చూసిండు. తెడ్డు సరిగ రాలే పెదనాయినా, మళ్ల గియ్యాలె అన్నడు.