నచ్చకపోతే ఇంకో ఎయిర్‌లైన్‌కి పోవచ్చుగా? పైలట్ల యూనియన్ ఓటు వెనక ఉన్న అసలు లెక్క

అమెరికాలో ఫలానా ఎయిర్‌లైన్ పైలట్లు యూనియన్‌లో చేరాలా వద్దా అని ఓటు వేయబోతున్నారని వార్త వస్తే చాలు, నాకు ఎక్కడో ఒకచోట ఈ మాట వినబడుతుంది. "లక్షల డాలర్ల జీతాలు తీసుకునేవాళ్ళకి యూనియన్ ఎందుకండీ? నచ్చకపోతే ఇంకో కంపెనీకి పోవచ్చుగా!"

మొదటి సగం మీద ఎంతసేపైనా వాదించుకోవచ్చు. రెండో సగం మాత్రం తప్పు. చాలామంది ఉద్యోగులు చేయగలిగి, ఎయిర్‌లైన్ పైలట్ చేయలేనిది సరిగ్గా అదే. ఎందుకో చెప్తాను.

సాఫ్ట్‌వేర్‌లో పదిహేనేళ్ళు పనిచేసినవాళ్ళు కంపెనీ మారితే సాధారణంగా జీతం పెరుగుతుంది. సర్జన్ ఆస్పత్రి మారితే ఆయన అనుభవం ఆయనతోపాటే వస్తుంది. అదే ఒక పెద్ద ఎయిర్‌లైన్‌లో పదిహేనేళ్ళు పనిచేసిన కెప్టెన్ ఇంకో పెద్ద ఎయిర్‌లైన్‌లో చేరితే ఏమవుతుంది? మళ్ళీ ఫస్ట్ ఆఫీసర్ సీటు, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే కో-పైలట్ సీటు, మొదటి సంవత్సరం జీతం. పోయిన వారం చేరిన కుర్రాడు ఈయన కంటే సీనియర్.

(స్క్రీన్ మీద: పొడవాటి క్యూ, ఒక్కొక్కరి తల మీద ఒక్కో నంబర్)

ఒక క్యూ ఊహించుకోండి. చేరిన రోజు మీకు చిట్టచివరి నంబర్ ఇస్తారు. ముందున్నవాళ్ళకి అరవై అయిదేళ్ళు నిండి రిటైర్ అయితే మీరు ఒక అడుగు ముందుకు జరుగుతారు. కంపెనీ కొత్త విమానాలు కొని కొత్తవాళ్ళని తీసుకుంటే మీ వెనక జనం పెరుగుతారు. ఎంత బాగా నడిపినా, మేనేజర్‌కి ఎంత ఇష్టమైనా, మధ్యలో దూరడం కుదరదు. మీరు ఏ ఊరి బేస్‌లో ఉండాలి, ఏ విమానం నడపాలి, కెప్టెన్ ఎప్పుడు అవ్వాలి, పండక్కి ఇంట్లో ఉంటారా, లేక రిజర్వ్‌లో ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారా, అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. కంపెనీకి నష్టాలొచ్చి పైలట్లని ఫర్లో మీద, అంటే జీతం లేకుండా తాత్కాలికంగా, ఇంటికి పంపితే, క్యూ చివరి నుంచి మొదలుపెడతారు.

క్యూలోంచి బయటికి వెళ్ళొచ్చు, ఎవరూ ఆపరు. కానీ ఎదురుగా ఉన్న ఇంకో క్యూలో నిలబడాలంటే చివరికే వెళ్ళాలి. పదిహేనేళ్ళు నిలబడి సంపాదించిన చోటు వెంట రాదు. ఈ సంగతి పైలట్‌కి తెలుసు, కంపెనీకి ఇంకా బాగా తెలుసు.

కాబట్టి ఓటు వేసే ముందు పైలట్ వేసుకోవాల్సిన ప్రశ్న "మా కంపెనీ మంచిదా చెడ్డదా" అన్నది కాదు. "నేను వదిలి వెళ్ళలేని ఈ క్యూకి రూల్స్ ఎవరు రాస్తున్నారు?" అన్నది. యూనియన్ లేనిచోట ఆ రూల్స్ కంపెనీ హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి. అవి ఎంత మంచివైనా కావొచ్చు, కానీ రాసినవాళ్ళే మార్చేయగలరు. యూనియన్ ఉన్నచోట అవి కాంట్రాక్ట్‌లో ఉంటాయి, మార్చాలంటే రెండు సంతకాలు కావాలి. నన్నడిగితే ఈ ఒక్క తేడా కోసమే అవునని ఓటు వేయాలి. అంత మాత్రాన యూనియన్ వస్తే అన్నీ సర్దుకుంటాయని నేను చెప్పను. ఎందుకు చెప్పనో కూడా ఈ వీడియోలోనే చూస్తారు.

ముందు ఓటు ఎలా జరుగుతుందో చూద్దాం. అక్కడ ఎయిర్‌లైన్ ఉద్యోగులకి వర్తించేది రైల్వే లేబర్ చట్టం. 1926లో రైళ్ళ కోసం వచ్చింది, 1936లో విమానాలకీ వర్తింపజేశారు. మామూలు ఫ్యాక్టరీలకి ఉన్న చట్టం వేరు. ఈ చట్టం ప్రకారం ఒక బేస్‌లో పైలట్లు మాత్రమే యూనియన్ పెట్టుకోవడం కుదరదు. దేశం మొత్తం మీద ఆ ఎయిర్‌లైన్ పైలట్లందరూ ఒకే వర్గం. అంటే క్యూ మొత్తానికి కలిపి కౌంటర్ దగ్గర మాట్లాడే మనిషి ఒకరు ఉంటారు, లేదా అసలు ఉండరు. ముందు సగానికి ఒకరు, వెనక సగానికి ఒకరు అనే పద్ధతి లేదు.

కనీసం సగం మంది పైలట్లు యూనియన్ కావాలనే కార్డుల మీద సంతకం పెడితే నేషనల్ మీడియేషన్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ ఎన్నిక పెడుతుంది. ఓటు ఫోన్‌లోనో ఇంటర్నెట్‌లోనో వేస్తారు. 2010కి ముందు ఇక్కడ ఒక వింత నియమం ఉండేది: ఓటు వేయనివాళ్ళందరినీ వద్దన్నట్టే లెక్కపెట్టేవారు. వెయ్యి మంది ఉన్నచోట నాలుగు వందల మంది ఓటేసి, ఆ నాలుగు వందలూ అవునన్నా యూనియన్ ఓడిపోయేది. ఊళ్ళో లేనివాళ్ళు, పట్టించుకోనివాళ్ళు, సెలవులో ఉన్నవాళ్ళు అందరూ వ్యతిరేకులే! ఏ ఎన్నికలోనైనా అలా లెక్కపెడితే మనం ఒప్పుకుంటామా? 2010లో ఆ నియమం మార్చి, పోలైన ఓట్లలో మెజారిటీ చాలన్నారు. మంచి పని చేశారు.

మీరు వద్దని ఓటు వేసినా యూనియన్ గెలిస్తే అదే కాంట్రాక్ట్ మీకూ వర్తిస్తుంది. ఇక మీరొక్కరే కౌంటర్ దగ్గరికి వెళ్ళి విడిగా బేరమాడుకోలేరు. చాలామందికి ఇది నచ్చదు, ఆ అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను. కానీ దానికి ఎదురుగా ఒక బాధ్యత కూడా ఉంది. 1944లో అమెరికా సుప్రీంకోర్టు స్టీల్ అనే రైల్వే ఉద్యోగి వేసిన కేసులో తీర్పు చెప్పింది. రైలింజన్లలో పనిచేసే నల్లజాతి ఫైర్‌మన్‌లని సభ్యులుగా చేర్చుకోని యూనియన్, వాళ్ళ తరఫున కూడా మాట్లాడే హక్కు చేతిలో పెట్టుకుని, వాళ్ళ ఉద్యోగాలకే ఎసరు పెట్టే ఒప్పందం చేసుకుంది. అందరి పేరు మీద మాట్లాడే అధికారం తీసుకున్నవాళ్ళు అందరికీ న్యాయంగానే మాట్లాడాలి అని కోర్టు తేల్చింది. ఓటు వేసినా వేయకపోయినా ఆ రక్షణ ఇవాళ్టి పైలట్‌కి కూడా ఉంది.

ఇప్పుడు జెట్‌బ్లూ అనే అమెరికన్ ఎయిర్‌లైన్ సంగతి. ఈ మొత్తం చర్చకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2000లో విమానాలు మొదలుపెట్టిన కంపెనీ. మొదట్లో యూనియన్ లేదు. పైలట్లు ఒక్కొక్కరితో విడివిడిగా ఉద్యోగ ఒప్పందాలు ఉండేవి. ఉద్యోగులని బాగా చూసుకుంటుందని పేరు కూడా ఉండేది. 2011లో ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్ అనే యూనియన్, అంటే ఆల్పా, ఎన్నికకి వెళ్తే పైలట్లు వద్దన్నారు. మూడేళ్ళు తిరిగాక, 2014 ఏప్రిల్‌లో, 71 శాతం అవునన్నారు.

కానీ మొదటి కాంట్రాక్ట్ చేతికొచ్చింది 2018లో. నాలుగేళ్ళు! యూనియన్ ప్రచారంలో ఈ సంగతి గట్టిగా చెప్పరు, చెప్పాలి. ఓటు గెలిస్తే మీకు దక్కేది జీతం పెంపు కాదు, బల్లకి అవతల కంపెనీ కూర్చుని తీరాల్సిన పరిస్థితి. పాత షరతులు ఏకపక్షంగా మార్చకుండా చట్టం ఇచ్చే గట్టి రక్షణ కూడా మొదటి కాంట్రాక్ట్ వచ్చాకే పూర్తిగా పనిచేస్తుంది. ఆ మధ్య కాలం ఓపిక పట్టాల్సిన కాలం.

ఆ కాంట్రాక్ట్‌లో ఏముంటుంది? అందరూ జీతం పేజీ తిప్పుతారు. నేనైతే స్కోప్ అనే భాగం, అంటే కంపెనీ విమానాలు ఎవరు నడపాలో, బయటివాళ్ళకి ఎంతవరకు ఇవ్వొచ్చో చెప్పే భాగం, ముందు చదవమంటాను. మళ్ళీ మన క్యూ దగ్గరికి రండి. మీరు ఓపిగ్గా నిలబడి ఉన్నారు. కంపెనీ పక్కనే ఇంకో చిన్న కౌంటర్ తెరిచి, తక్కువ జీతానికి వేరేవాళ్ళని పెట్టి, మీ ప్రయాణికులని అటు పంపడం మొదలుపెట్టింది. మీ నంబర్ ఎవరూ మార్చలేదు, రూల్ ఏదీ తప్పలేదు, కానీ మీ క్యూ కదలడం ఆగిపోయింది. పెద్ద ఎయిర్‌లైన్ పేరుతో, రంగులతో చిన్న రీజనల్ కంపెనీలు నడిపే విమానాలు ఇవే. అమెరికాలో అవి 76 సీట్ల దగ్గర ఆగిపోవడానికి కారణం ఇంజినీరింగ్ కాదు, పైలట్ల కాంట్రాక్టుల్లో ఉన్న స్కోప్ నిబంధన. ఒక్క వాక్యం విమాన తయారీదారుల లెక్కలనే మార్చేసింది. ఇది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

రెండోది క్రమశిక్షణ. కాంట్రాక్ట్ లేకపోతే ఉద్యోగం కంపెనీ దయ మీద ఉంటుంది. కాంట్రాక్ట్ ఉంటే తీసేయడానికి తగిన కారణం చూపించాలి, ఒప్పుకోకపోతే బయటి మధ్యవర్తి వింటాడు. "నేను అలసిపోయాను, ఈ ఫ్లైట్ నడపను" అని కెప్టెన్ అనగలగాలంటే ఆ ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? వెనక సీట్లలో కూర్చునే మనకి కూడా ఇందులో స్వార్థం ఉంది. 1931లో డేవిడ్ బెంకే, ఇంకొందరు పైలట్లు షికాగోలో ఆల్పా పెట్టినప్పుడు అసలు భయం ఇదే: వాతావరణం బాగోలేకపోయినా ఎగరమనే ఒత్తిడి. 1934లో కార్మిక బోర్డు ఇచ్చిన ఎనభై మూడో నిర్ణయం పైలట్ నెలకి 85 గంటలకి మించి ఎగరకూడదని గీత గీసింది. 1938 విమానయాన చట్టం దాన్ని అలాగే నిలబెట్టింది. గంటల పరిమితి గురించి పైలట్లు అడిగితే అది బద్ధకం అనేవాళ్ళు ఈ చరిత్ర ఒకసారి చదవాలి.

టైమ్ దగ్గర పడుతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

రెండు కంపెనీలు కలిస్తే రెండు క్యూలు ఒకటవ్వాలి. ఎవరు ఎవరి ముందు? 2001లో టీడబ్ల్యూఏ అనే ఎయిర్‌లైన్‌ని అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొన్నప్పుడు టీడబ్ల్యూఏ పైలట్లలో చాలామందిని క్యూ చివరికి తోసేశారు. ఆ తర్వాత వచ్చిన ఫర్లోల్లో ముందుగా పోయింది వాళ్ళే. వాళ్ళకి యూనియన్ ఉంది, అయినా ఆగలేదు. అందుకే 2007లో మెకాస్కిల్-బాండ్ చట్టం వచ్చింది: జాబితాలు న్యాయంగా కలపాలి, కుదరకపోతే మధ్యవర్తి తేల్చాలి.

మధ్యవర్తి తేల్చినా గొడవ తీరుతుందని లేదు. 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ అనే రెండు ఎయిర్‌లైన్లు కలిశాయి. రెండు వైపులా ఆల్పాయే. మధ్యవర్తి జార్జ్ నికొలావ్ 2007లో ఇచ్చిన జాబితాలో, ఫర్లోలో ఉన్న యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు ఏళ్ళ సర్వీసు ఉన్నా కొత్తగా చేరిన అమెరికా వెస్ట్ పైలట్ల వెనక్కి పోయారు. కోపంతో, సంఖ్యలో ఎక్కువగా ఉన్న యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు 2008లో ఆల్పాని ఓటు వేసి దించేసి కొత్త యూనియన్ పెట్టుకున్నారు. ఏళ్ళ తరబడి ఒకే కంపెనీలో రెండు క్యూలు నడిచాయి. క్యూలో గొడవ ఎప్పుడూ కంపెనీతోనే ఉండదు, పక్కవాడితో కూడా ఉంటుంది. యూనియన్ వద్దనేవాళ్ళ దగ్గర ఉన్న బలమైన వాదన ఇదేనని నా అభిప్రాయం.

సమ్మె. యూనియన్ అంటే రేపే సమ్మె అనుకుంటారు. ఈ చట్టం కింద అది అంత తేలిక కాదు. కాంట్రాక్ట్ గడువు తీరినా రద్దవదు, మార్చుకోవడానికి వీలవుతుంది అంతే. తర్వాత చర్చలు, మీడియేషన్ బోర్డు మధ్యవర్తిత్వం, బోర్డు వదిలిపెట్టాక 30 రోజుల ఆగుదల, అవసరమైతే అధ్యక్షుడి ఎమర్జెన్సీ బోర్డు. 1997లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె మొదలుపెట్టిన కొన్ని నిమిషాల్లోనే అధ్యక్షుడు క్లింటన్ ఆపేశారు. 2010లో స్పిరిట్ ఎయిర్‌లైన్స్ పైలట్లు మాత్రం అయిదు రోజులు విమానాలు నిలిపేశారు.

చందా: ఆల్పాలో జీతంలో రెండు శాతం లోపే. మీరున్న రాష్ట్రంలో రైట్ టు వర్క్ చట్టం, అంటే యూనియన్‌కి డబ్బు కట్టమని బలవంతపెట్టకూడదనే చట్టం, ఉంది కాబట్టి కట్టక్కర్లేదు అనుకోకండి. రైల్వే లేబర్ చట్టం కింద కాంట్రాక్ట్‌లో ఆ షరతు పెట్టుకుంటే, రాష్ట్ర చట్టం దాన్ని ఆపలేదు.

చివరగా, "ఒకసారి చేరితే ఇక బయటికి రాలేం" అనే భయం. 2019 నుంచి యూనియన్‌ని నేరుగా తొలగించడానికి కూడా ఎన్నిక కోరవచ్చు. దానికీ సగం మంది సంతకాలు కావాలి, దానికీ పోలైన ఓట్లలో మెజారిటీయే కావాలి. అది కూడా అదే మీడియేషన్ బోర్డు జరిపిస్తుంది.