మార్కరు చెప్పేదెంత, మనం చెప్పించేదెంత

అందరికీ నమస్కారం.

హైదరాబాదులో ఏసీ గార్డ్స్ మీదుగా రోజూ వెళ్లేవాళ్లలో చాలామందికి ఆ పేరులోని 'ఏ' అంటే ఆఫ్రికన్ అని తెలియదు. నిజాము కొలువులో పనిచేసిన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిన పేరది. ఉత్తర కన్నడ అడవుల్లోనూ, గుజరాత్‌లో జునాగఢ్ చుట్టుపక్కలా ఉండే సిద్దీల పూర్వీకులు కూడా ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లే. సిద్దీల మీద మన హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2011లో ఒక అధ్యయనం వెలువరించారు. లక్షల మార్కర్లు, అంటే మనిషి మనిషికీ అక్షరం మారగల డీఎన్‌ఏ చోట్లు చూసి, వాళ్లలో ఆఫ్రికా, భారత మూలాలు, బహుశా కొంత పోర్చుగీసు మూలం కలిశాయన్నారు. ఆ కలయిక గత ఎనిమిది తరాల్లో, అంటే సుమారు 200 ఏళ్లలో జరిగి ఉంటుందని అంచనా కట్టారు. ఇలాంటి మాట ధైర్యంగా చెప్పాలంటే ఏం కావాలి, ఎక్కడ పొరపాటు పడతాం అన్నదే ఈ రోజు విషయం.

ముందు లెక్క. ఎర్ర రక్తకణం మీద డఫీ అనే ప్రోటీన్ ఉంటుంది. వైవాక్స్ మలేరియా క్రిమి కణంలోకి దూరడానికి పట్టుకునేది దాన్నే. పశ్చిమ, మధ్య ఆఫ్రికా జనంలో దాదాపు అందరికీ డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారి, ఎర్రకణం మీద ఆ ప్రోటీన్ లేకుండా పోయింది. మన దగ్గర ఆ మార్పు చాలా అరుదు. ఒక మిశ్రమ సమూహంలో ఈ మార్పు 0.65 వంతు కనిపించిందనుకోండి. ఆఫ్రికా వైపు 1, మన వైపు 0 అని పెట్టుకుంటే ఆఫ్రికా వాటా 65 శాతం. ఇంకో మార్కరు ఒక మూలంలో 0.80, రెండో మూలంలో 0.30, మిశ్రమంలో 0.60 ఉంటే, 0.60లోంచి 0.30 తీసేసి, మూలాల మధ్య తేడా 0.50తో భాగించాలి. వాటా 60 శాతం వస్తుంది.

అసలు కిటుకు ఆ భాగహారంలోనే ఉంది. ప్రతి మనిషిలో ఒక్కో క్రోమోజోము రెండేసి ఉంటుంది కాబట్టి, 50 మంది నమూనాలంటే ఆ మార్కరున్న క్రోమోజోములు 100. 0.60 అన్న కొలతలో దాదాపు 0.05 ప్రామాణిక దోషం, అంటే కొద్దిమందినే చూసినందువల్ల వచ్చే అటూ ఇటూ తేడా, ఉంటుంది. దాన్ని 0.50తో భాగిస్తే వాటాలో దోషం 10 శాతం పాయింట్లు. మూలాల మధ్య తేడా 0.10 మాత్రమే ఉన్న మార్కరైతే అదే దోషం 50 పాయింట్లవుతుంది, ఆ జవాబు ఎందుకూ పనికిరాదు. అందుకే తేడా ఎక్కువున్న మార్కర్లు ఏరుకుంటాం.

అలా ఏరడంలోనే ఒక ప్రమాదం ఉంది. తేడా బాగా ఎక్కువున్న మార్కర్లలో కొన్నిటిని ప్రకృతి వరణం పెంచి ఉంటుంది. మలేరియా ఉన్న అడవిలో డఫీ లేనివాళ్లకు మేలు జరిగితే, ఆ మార్కరు ఆఫ్రికా వాటాను ఉన్నదానికన్నా పెంచి చూపిస్తుంది. చర్మం రంగుతో ముడిపడ్డ ఎస్‌ఎల్‌సీ24ఏ5 జన్యువు ఐరోపా, ఆఫ్రికాల మధ్య చక్కగా తేడా చూపుతుంది. కానీ లేతరంగు రూపం మన దేశంలోనూ విస్తారంగా ఉంది. సిద్దీల్లో అది కనిపిస్తే పోర్చుగీసు మూలమని రాసేయకూడదు. పక్క ఊరి మనిషి నుంచీ వచ్చి ఉండొచ్చు.

ల్యాబు డేటా శుద్ధి చేసేటప్పుడు ఇంకో తప్పు తరచుగా జరుగుతుంది. చదవడం కుదరని స్థానాలు 5 శాతం దాటిన నమూనాలనూ, మార్కర్లనూ తీసేస్తాం, సరే. తర్వాత అలవాటుగా అందరి మీదా హార్డీ-వైన్‌బర్గ్ పరీక్ష పెడతారు. ఒక మార్కరు రెండు రూపాలూ కలిసి ఉన్నవాళ్లు లెక్క ప్రకారం ఉండాల్సినంత మంది ఉన్నారా అని చూసి, లేకపోతే ఆ మార్కరును తీసేసే పరీక్ష అది. మనిషి మనిషికీ వాటాలు తేడాగా ఉన్న సమూహంలో రెండు రూపాలూ కలిసి ఉన్నవాళ్లు సహజంగానే తగ్గుతారు. ఆ తగ్గుదల మూలాల తేడా ఎక్కువున్న మార్కర్లలోనే ఎక్కువ కాబట్టి మనకు బాగా పనికొచ్చేవే ముందు ఎగిరిపోతాయి. ఆ పరీక్ష మూల సమూహాల్లో విడివిడిగా పెట్టాలి. రెండు ల్యాబుల డేటా కలిపేటప్పుడు రెండు రూపాలూ ఏ, టీ అక్షరాలో, సీ, జీ అక్షరాలో అయిన మార్కర్లు వదిలేయడం మేలు. డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఏకి ఎదురుగా టీ, సీకి ఎదురుగా జీ ఉంటాయి కాబట్టి, ఒకరు డీఎన్‌ఏ పై పోగు, ఇంకొకరు కింది పోగు చదివినా వాటిలో తేడా పట్టుబడదు. దగ్గరి బంధువుల్లో ఒక్కరినే ఉంచాలి. లేకపోతే ఒక్క కుటుంబమే కొత్త 'మూలం'లా గ్రాఫులో రంగు వేసుకుని నిలబడుతుంది.

వీటన్నిటికన్నా పెద్ద సమస్య పోల్చే సమూహాన్ని ఎంచుకోవడం. ప్రపంచంలోని పలు జనాభాల డీఎన్‌ఏ చదివిన 1000 జీనోమ్స్ డేటాలో 'తెలుగు' పేరుతో ఉన్న 102 మంది బ్రిటన్‌లో నమూనాలిచ్చినవాళ్లు. మన దగ్గర పెళ్లిళ్లు కులం లోపలే సాగుతూ వచ్చాయి కాబట్టి తెలుగువాళ్లంతా ఒకే జనాభా కాదు. ఆ 102 మందిని అందరికీ ప్రతినిధులుగా తీసుకుంటే జవాబు పక్కకు పోతుంది. ఇంతకీ భారతీయులం మనమే మిశ్రమం. మన మూలాలు 'ఉత్తర భారత పూర్వీకులు', 'దక్షిణ భారత పూర్వీకులు' అని శాస్త్రవేత్తలు పేరు పెట్టిన రెండు ప్రాచీన సమూహాలు. 2009 నాటి అధ్యయనంలో ఉత్తర భారత పూర్వీకుల వాటా చాలా సమూహాల్లో 39 నుంచి 71 శాతం దాకా తేలింది. దక్షిణ భారత పూర్వీకులు మాత్రం కలగలవకుండా ఈ రోజు ఎక్కడా లేరు. అండమాన్‌లోని ఒంగేలను దూరపు చుట్టాలుగా పెట్టి పరోక్షంగా లెక్క కట్టాల్సి వచ్చింది.

ఇక కాలం సంగతి. తరం మారినప్పుడల్లా క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి, కాబట్టి ఒక్కో మూలం నుంచి వచ్చిన ముక్కలు తరతరానికీ చిన్నవవుతాయి. 100ని తరాల సంఖ్యతో భాగిస్తే, కలయిక సంకేతం సన్నగిల్లే దూరం సెంటీమోర్గాన్లలో, అంటే ముక్కలు మారే అవకాశాన్ని బట్టి క్రోమోజోము మీద దూరం కొలిచే ప్రమాణంలో వస్తుంది. ఎనిమిది తరాలకు 12.5. మన దేశపు పాత కలయికలు 1,900 నుంచి 4,200 ఏళ్ల నాటివి. తరానికి 29 ఏళ్ల చొప్పున ఆ దూరం 1.5 నుంచి 0.7 దాకానే. జీనోమ్ మొత్తం సుమారు 3,500 సెంటీమోర్గాన్లు. 100 మార్కర్లు పరిస్తే ఒక్కోదాని మధ్య 35 ఎడం పడుతుంది. వాటాలు చెప్పడానికి అవి చాలవచ్చు, తేదీ చెప్పడానికి మాత్రం చాలవు. పైగా కలయిక ఒక్కసారితో ఆగకుండా తరతరాలుగా సాగి ఉంటే, ఈ లెక్క తొలి కలయికకు కాక తర్వాతి తరాలకే దగ్గరగా తేదీ చూపుతుంది. సిద్దీలను పోర్చుగీసువాళ్లు తెచ్చింది 300-500 ఏళ్ల కిందట అని చరిత్ర చెబుతుంది, జన్యువులు 200 అంటున్నాయి. ఆ మధ్య దూరాన్ని ఈ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి.