గోడకు రబ్బరు పూత వేయిస్తున్నారా? ముందు ఈ పెచ్చు వెనక చూడండి!

మళ్లీ అదే మాట చెబుతున్నాను, తిట్టుకున్నా పరవాలేదు. మీ ఇంటి బయటి గోడను పాడుచేస్తున్నది వాన కాదు. వానను ఆపుతుందని దళసరిగా పూయించారే, ఆ రబ్బరు పూతే!

పోయిన వీడియోలో ఈ మాట అన్నందుకు, "అయితే గోడను తడవనివ్వమంటారా?" అని విరుచుకుపడ్డారు. సరే, తేల్చుకుందాం.

ఇదిగో, ఊడిపడిన పెచ్చు. పై వైపు నిగనిగలాడుతోంది, రంగు కూడా వెలవలేదు. ఇప్పుడు తిప్పుతున్నాను. వెనక తెల్లటి పొడి! గోరు తగిలితే రాలుతోంది. ఉప్పండీ అది! గోడలోని నీరు సిమెంటులో, ఇటుకలో ఉన్న లవణాలను కరిగించి బయటికి మోసుకొచ్చింది. పూత అడ్డుపడింది. ఉప్పు అక్కడే గడ్డకట్టి పూతను గెంటేసింది.

నీరు ఎలా దూరిందంటారా? పిట్టగోడ పైన పగుళ్లలోంచి, కిటికీ చట్రం పక్క సందులోంచి, పునాది నుంచి పైకి పాకే చెమ్మలోంచి. వచ్చే దారులన్నీ తెరిచి ఉంచి, పోయే దారి మూసేసి, దానికి వాటర్‌ప్రూఫ్ అని పేరు!

సన్న పగుళ్ల మీద రబ్బరు పూత సాగి కప్పుతుంది, నిజమే. పొడి గోడ అయితే! కొత్త గార అయితే కనీసం 28 రోజులు ఆరాలి. ఆగేది ఎవరు? గృహప్రవేశం ముహూర్తం ఆగదుగా!

జర్మనీలో కైమ్ అనే ఆయన 1878లోనే సిలికేట్ అనే ఖనిజ రంగుకు పేటెంట్ తీసుకున్నాడు. అది గోడ మీద తొడుగులా కూర్చోదు, గారతో రసాయనికంగా కలిసిపోతుంది, ఆవిరిని బయటికి పోనిస్తుంది. సున్నమూ ఆవిరిని అలాగే పోనిస్తుంది. కానీ పాత ఎమల్షన్ మీద మామూలు సిలికేట్ పట్టదు, మొత్తం గీకాల్సిందే. గీకడం ఎవరికిష్టం? అందుకే నా అనుమానం ఒకటే: రబ్బరు పూత అమ్ముడుపోయేది వాన భయంతో కాదు, వారంటీ మోజుతో. ఆ కాగితంలో చిన్న అక్షరాలు చదవండి. లోపలి చెమ్మతో ఊడితే బాధ్యత ఎవరిదని రాశారో చూడండి.

నన్ను నమ్మొద్దు. మూరెడు పాలిథిన్ ముక్కను గోడకు పెట్టి, నాలుగు అంచులూ టేపుతో బిగించి, ఒక రోజు వదిలేయండి. లోపలి వైపు చుక్కలు కనబడితే డబ్బా మూత తీయకండి, ముందు పిట్టగోడ ఎక్కి పగుళ్లు వెతకండి. ఆ ఫోటోలు కింద పెట్టి, అప్పుడు రండి నాతో గొడవకు!