కోపం ఎందుకు ఆలస్యంగా వస్తుంది?

సభకు నమస్కారం.

ఒక సంస్థ తప్పు చేసినప్పుడు, ఆ తప్పు బయటపడగానే జనానికి కోపం వస్తుందని అనుకుంటాం. బ్రిటన్ పోస్టాఫీసు ఉదంతం చూశాక ఆ మాట అనలేం.

అక్కడి సబ్ పోస్ట్‌మాస్టర్లు, అంటే ఒప్పందం మీద స్థానిక పోస్టాఫీసులు నడిపేవాళ్లు, లెక్క కట్టుకునే వేళకు, ఉండవలసిన దానికంటే నగదు తక్కువుందని హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ చూపేది. ఒప్పందం ప్రకారం ఆ లోటును వాళ్లే పూడ్చాలని పోస్టాఫీసు పట్టుబట్టేది. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే, ‘ఈ ఇబ్బంది మీ ఒక్కరికే’ అని చాలామందికి జవాబు వచ్చింది. ఆ లోటు కారణంగా 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా కోర్టుల్లో దోషులుగా ముద్రపడ్డారు.

2009లోనే ఒక కంప్యూటర్ పత్రిక ఈ సంగతి రాసింది. 2019లో హైకోర్టు లోపం ఆ వ్యవస్థలోనే ఉందని తేల్చింది. 2021లో అప్పీలు కోర్టు ఒకే రోజు 39 మందిని నిర్దోషులను చేసింది. అయినా దేశం భగ్గుమన్నది 2024 జనవరిలో, ఆ కథ టీవీ ధారావాహికగా వచ్చాక. పోస్టాఫీసు మాజీ అధిపతికిచ్చిన పురస్కారం వెనక్కి తీసుకోవాలంటూ 10 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. మే నెలకల్లా శిక్షలను మూకుమ్మడిగా రద్దుచేసే చట్టం వచ్చింది. ముఖ్యమైన నిజాలన్నీ అప్పటికే తీర్పుల్లో ఉన్నాయి. లేనివల్లా ముఖాలే.

అమెరికా తత్త్వవేత్త జాషువా నోబ్ 2003లో ఒక చిన్న కథతో జనాన్ని పరీక్షించాడు. పర్యావరణం ఏమైనా నాకు పట్టదు, లాభమే ముఖ్యం అంటూ ఒక కంపెనీ చైర్మన్ పథకం మొదలుపెడతాడు. పర్యావరణం పాడైందని చెబితే, అతను కావాలనే పాడుచేశాడని 82 శాతం మంది అన్నారు. అదే మాట అన్న చైర్మన్ వల్ల పర్యావరణం బాగుపడిందని చెబితే, కావాలనే బాగుచేశాడన్నవారు 23 శాతమే. హాని కనబడగానే ఉద్దేశాన్ని వెతుకుతాం. అందుకొక మనిషి కావాలి. పోస్టాఫీసు ఉదంతంలోనేమో ప్రోగ్రామ్ రాసింది ఒకరు, ఫోను ఎత్తింది ఒకరు, సోదా చేసింది వేరొకరు, కోర్టులో వాదించింది ఇంకొకరు.

ఇంతకంటే నన్ను కలచివేసేది ఇరుగుపొరుగు ప్రవర్తన. నిన్నటిదాకా పింఛను అందించిన మనిషినే దొంగ అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్న నమ్మకం అది. 1966లో లెర్నర్, సిమన్స్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగంలో ఒక యువతి కరెంటు షాకులు తింటున్నట్టు నటించింది. ఆమెను తప్పించే వీలున్న ప్రేక్షకులు ఆమెను మంచిగానే చూశారు. వీలు లేదని, బాధ కొనసాగుతుందని తెలిసినవారు ఆమె వ్యక్తిత్వాన్నే తక్కువచేశారు. లోకం న్యాయంగా ఉందన్న నమ్మకాన్ని కాపాడుకోవడానికి బాధితుణ్ణి బలిచ్చే పని ఇది. క్రూరులకే చెందిన పని కాదు, మనలో ఎవరైనా చేస్తాం.

జనం కోపాన్ని నేను చిన్నచూపు చూడను. కోర్టుల్లో ఏళ్లు పట్టిన పనిని అది నెలల్లో చేయించింది. 2009 నవంబరులో ఫెన్నీ కాంప్టన్ అనే ఊళ్లో బాధితులు కొందరు ఒకచోట చేరారు. ఒంటరులం కామని వాళ్లకు అక్కడ తెలిసింది. కేసులు పెట్టిన సంస్థకు ఆ సంగతి ముందే తెలుసు. అందుకే ఎవరిమీదైనా ఒక సంస్థ వేలెత్తినప్పుడు, ఆ మనిషిని నిలదీసే ముందు సంస్థను అడగండి: ఇలాంటి ఫిర్యాదులు ఇంకెన్ని వచ్చాయి, మొదటిది ఎప్పుడు వచ్చింది, దాన్ని చదివినవారు ఏం చేశారు?