డాన్‌ట్రైల్ రివ్యూ: పోరాటంలో ఉన్న ధైర్యం కథలో ఎందుకు లేదు?

నమస్కారం. ఈ వీడియోలో ఫైనల్ ఫాంటసీ 14 ఆటకు వచ్చిన ఐదో ఎక్స్‌పాన్షన్, అంటే కొత్త కథతో, కొత్త ప్రాంతాలతో వచ్చే పెద్ద జోడింపు, డాన్‌ట్రైల్ గురించి మాట్లాడబోతున్నాను. ఇది 2024 జూలై 2న విడుదలైంది. విడుదలైన వారంలోనే తీర్పు చెప్పేయడం నాకు ఇష్టం ఉండదు. ఆన్‌లైన్ ఆట అన్నాక ప్యాచ్‌లు (అప్‌డేట్లు) వస్తాయి, కొన్ని లోపాలు సర్దుకుంటాయి, కొన్ని కొత్తవి బయటపడతాయి. అందుకే ఆ తర్వాత వచ్చిన పెద్ద ప్యాచ్‌లను కూడా లెక్కలోకి తీసుకుని మాట్లాడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డాన్‌ట్రైల్‌లోని పోరాటాలు ఆటగాడి తెలివిని నమ్ముతాయి. కథ మాత్రం నమ్మదు. ఇందులో నాకు నచ్చినవి, నచ్చనివి దాదాపు అన్నీ ఈ ఒక్క తేడా దగ్గరికే వచ్చి ఆగుతాయి.

కొత్తవారి కోసం కాస్త నేపథ్యం. 2013లో ఎ రెల్మ్ రీబార్న్‌తో మొదలైన సుదీర్ఘ కథ 2021 డిసెంబరులో వచ్చిన ఎండ్‌వాకర్‌తో ముగిసిపోయింది. సృష్టి మొత్తాన్నీ కాపాడిన వీరుణ్ణి ఆ తర్వాత ఎక్కడికి పంపాలి? నవోకి యోషిదా నేతృత్వంలోని బృందం మనల్ని సముద్రం దాటించి పడమటి ఖండమైన తురాల్‌కు పంపింది. అక్కడ టులియోలాల్ సింహాసనానికి వారసత్వ పోటీ జరుగుతుంది. బరిలో నలుగురు. వారిలో వుక్ లమాట్ అనే యువరాణి పక్షాన మనం నిలబడతాం. గెలవాల్సింది ఆమె, దారి చూపాల్సింది మనం. పదేళ్లు తానే ముందు నడిచిన వీరుడికి గురువు స్థానం ఇవ్వడం నిజంగా మంచి ఆలోచన.

కథ సంగతికి మళ్లీ వస్తాను. ముందు పోరాటాలు, ఎందుకంటే డాన్‌ట్రైల్ ఆడటానికి అతి పెద్ద కారణం అవే.

ఎండ్‌వాకర్ కాలంలో చాలామంది ఒక మాట అనేవారు: డంజియన్‌లో (చిన్న జట్టుగా శత్రువులను దాటుకుంటూ వెళ్లే చోట) కళ్లు మూసుకుని మీటలు నొక్కినా బయటపడవచ్చు అని. అందులో నిజం ఉంది. బాస్, అంటే అక్కడి పెద్ద శత్రువు, ఏ దాడి చేసినా ముందుగా నేల మీద నారింజ రంగు గీత కనబడుతుంది, దాన్నుంచి తప్పుకుంటే చాలు. డాన్‌ట్రైల్ మొదటి డంజియన్ ఇహుయ్‌కటుము నుంచే ఆ వరస మారిపోయింది. గీతలు ఆలస్యంగా పడతాయి, కొన్నిసార్లు పడవు. బాస్ కదలికను, చేతిలో ఉన్నదాన్ని, వేదిక ఆకారాన్ని చూసి మనమే పసిగట్టాలి.

వాలిగర్మాండ పోరాటాన్నే తీసుకోండి. 93వ స్థాయిలో ఎదురయ్యే రాక్షసి అది. నిప్పు, మంచు, మెరుపు, ఇలా మూడు రూపాలు మార్చుకుంటుంది. మంచు దశలో కొండ చరియ విరిగిపడి వేదికలో ఒక భాగాన్ని తుడిచిపెట్టేస్తుంది. ఎటువైపు పడుతుందో చూడాలంటే మీ దృష్టి మీటల మీద నుంచి తప్పుకుని దూరంగా ఉన్న కొండ మీదికి వెళ్లాలి. మెరుపుల దశలో నేల మీది కొన్ని పలకలు మిమ్మల్ని గాల్లోకి లేపుతాయి. ఒక దాడి నుంచి తప్పించుకోవడానికి వాటి మీదికి ఎక్కాలి, మరో దాడి వచ్చేసరికి దిగిపోవాలి. ఏ దాడికి ఏమి చేయాలో ఎవరూ చెప్పరు. మొదటిసారి అందరూ కలిసి నేలకూలతారు. రెండోసారికి అర్థమవుతుంది. మూడోసారి జట్టులోని ఎనిమిది మందీ ఒకరికొకరు పరిచయం లేకపోయినా ఒకే క్షణంలో ఒకే పలక మీదికి గెంతుతారు. కథ పూర్తి చేయాలంటే తప్పనిసరిగా దాటాల్సిన పోరాటం ఇది, ఆరితేరిన వారికి ప్రత్యేకంగా పెట్టిన పరీక్ష కాదు. సామాన్య ఆటగాడి మీద ఇంత నమ్మకం పెట్టడం నాకు గౌరవంగా అనిపించింది.

అర్కేడియన్ రెయిడ్‌లలో, అంటే జట్టుగా బాస్‌లను ఎదుర్కొనే పోరాటాల్లో, ఈ తెగింపు ఇంకా పెరుగుతుంది. కుస్తీ పోటీల రంగస్థలం లాంటి చోట ఒక్కో మల్లయోధుడినీ ఎదుర్కోవాలి. బ్లాక్ క్యాట్ పంజాతో కొట్టి మీ కాళ్ల కింది పలకలను ఊడగొడుతుంది. హనీ బీ లవ్లీ దాడులు తగిలినకొద్దీ మీ మీద హృదయం గుర్తు నిండుతూ వస్తుంది, పూర్తిగా నిండితే మీ పాత్ర మీ మాట వినకుండా ఆమె వైపు నడుచుకుంటూ పోతుంది. బ్రూట్ బాంబర్ పోరాటంలో బాంబుల వత్తులు గమనించాలి: కొన్నిటికి పొట్టి వత్తి, కొన్నిటికి పొడుగు వత్తి. పొట్టివి ముందు పేలతాయి కాబట్టి పొడుగు వత్తి బాంబుల దగ్గర నిలబడి, అవి పేలేలోపు అప్పటికే పేలిపోయిన చోటికి మారాలి. చిన్నపిల్లలకైనా ఒక్క చూపులో తెలిసే సూచన అది. అయినా గుంపు మధ్యలో, హడావిడిలో, సరైన బాంబును కనిపెట్టడం ఎంత కష్టమో! మసయోషి సోకెన్ సంగీతం ఆ వేదికలకు సరిగ్గా సరిపోయింది.

జాబ్‌ల (మన పాత్ర ఎంచుకునే పోరాట వృత్తుల) విషయంలో మాత్రం నా సంతోషం సగమే. కొత్తగా వచ్చినవి రెండు: వైపర్, పిక్టోమ్యాన్సర్. రెండూ 80వ స్థాయిలో మొదలవుతాయి. వైపర్ జంట కత్తులను కలిపి ఒకే ఆయుధంగా తిప్పుతాడు. వేగంగా, హాయిగా ఉంటుంది, అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు. పిక్టోమ్యాన్సర్ మాత్రం ఈ ఆటలో వచ్చిన మంచి ఆలోచనల్లో ఒకటి. మీ కుంచెతో ఒక ప్రాణిని, ఒక ఆయుధాన్ని, ఒక దృశ్యాన్ని కాన్వాసు మీద గీస్తారు, తర్వాత వాటికి ప్రాణం పోస్తారు. పోరాటం మొదలు కాకముందు బొమ్మ చిటికెలో పూర్తవుతుంది. పోరాటం మధ్యలో అయితే కొన్ని సెకన్లు కదలకుండా నిలబడి గీయాలి. అంటే బాస్ మాయమైపోయే క్షణాలు, మిగతావారు ఊరికే ఎదురుచూసే ఆ ఖాళీ క్షణాలు, మీకు బంగారం. బాస్ ఎప్పుడు తప్పుకుంటుందో ముందే ఊహించి బొమ్మలు సిద్ధం చేసుకున్నవారికి ఈ జాబ్ చేతికి ఇచ్చే బలం అపారం. విడుదలైన కొత్తలో ఆ బలం మరీ ఎక్కువై, మిగతా మాంత్రిక జాబ్‌లు వెలవెలబోయాయి కూడా.

పాత జాబ్‌లకు 90 నుంచి 100 స్థాయిల మధ్య దక్కింది తక్కువ. చాలా వాటికి ఉన్న దాడికే మరో మెరుపు తోడైంది, అంతే. హీలర్లు, అంటే జట్టు గాయాలు మాన్పేవారు, ఇప్పటికీ ఒకే దాడి మంత్రాన్ని పదేపదే నొక్కుతూ కూర్చోవాలి. ఆస్ట్రాలజియన్ అనే హీలర్ జాబ్ తీసే కార్డుల్లో ఏది వస్తుందో తెలియని ఉత్కంఠ ఉండేది, దాన్ని తీసేసి వరుస ముందే ఖాయం చేశారు. ఆ ఉత్కంఠ కోసమే ఆ జాబ్ ఎంచుకున్నవారి బాధ నాకు అర్థమవుతుంది. ఈ ఎక్స్‌పాన్షన్‌లో పోరాటాల రూపకల్పన మీద దృష్టి పెడతామని, జాబ్‌ల ప్రత్యేకత సంగతి 8.0లో, అంటే తర్వాతి ఎక్స్‌పాన్షన్‌లో, చూస్తామని యోషిదా స్వయంగా చెప్పారు. ప్రణాళికగా సబబే. కానీ అప్పటిదాకా ఆడుతూ ఉండాల్సింది మనమే కదా.

దృశ్యాల గురించి రెండు మాటలు. ఆట మొత్తానికి గ్రాఫిక్స్ మెరుగుపరిచారు. వెలుగు, బట్టల నేత, జుట్టు, చెట్లు చేమలు, అన్నీ బాగుపడ్డాయి, పాత ప్రాంతాలతో సహా. ఏప్రిల్‌లో బెంచ్‌మార్క్ (మన కంప్యూటర్‌లో ఆట ఎలా నడుస్తుందో చూపే పరీక్ష ప్రోగ్రామ్) విడుదలైనప్పుడు తమ పాత్రల ముఖాలు, ముఖ్యంగా కళ్లు, నిర్జీవంగా ఉన్నాయని ఆటగాళ్లు గోల పెట్టారు. బృందం ఆ మాట విని, సరిదిద్దిన బెంచ్‌మార్క్‌ను మళ్లీ విడుదల చేసింది. దుస్తులకు రెండో రంగు వేసుకునే సౌకర్యం కూడా వచ్చింది. అయితే మొదట్లో చాలా పాత దుస్తులకు అది పనిచేయలేదు.

ఇక కథ. ఇక్కడి నుంచి కీలక విషయాలు బయటపెడతాను. ఇంకా ఆడనివారు ఈ భాగం దాటవేయండి.

మొదటి సగంలో వారసత్వ పోటీలో భాగంగా ఒక్కో జాతి దగ్గరికి వెళ్లి ఒక్కో పరీక్ష నెగ్గాలి. ఒకచోట పండుగ కోసం పడవను అలంకరించాలి, ఒకచోట వంట చేయాలి. తురాల్ ప్రజల జీవితాన్ని ఇలా లోపలి నుంచి చూపించాలనుకోవడంలో తప్పు లేదు. తప్పల్లా చెప్పే పద్ధతిలో ఉంది. ప్రతి ఊళ్లోనూ అదే వరుస. వుక్ లమాట్ ఆ ఊరివారిని కలుస్తుంది, వారి ఆచారం చూసి ఆశ్చర్యపోతుంది, తాను ఏమి నేర్చుకుందో మాటల్లో చెబుతుంది, పక్కనున్న పాత్ర అదే మళ్లీ చెబుతుంది, చివరికి మన పాత్ర గుండెల మీద చేయి వేసుకుని తల ఊపుతుంది. ఒక మనిషి మారుతోందని ఆమె ప్రవర్తన చూసి మనం గ్రహించే అవకాశమే ఇవ్వరు. పోరాటంలో కొండ చరియను మనమే గమనించగలమని నమ్మిన బృందం, కథలో ఒక యువరాణి మనసును మనం గమనించగలమని ఎందుకు నమ్మలేదు?

వుక్ లమాట్ అంటే నాకు చిరాకు లేదు. ఆమె భయాలు, ఆమె ఆత్రం, తండ్రి గులూల్ జా జా ముందు చిన్నబోయే తీరు, ఇవన్నీ బాగున్నాయి. కానీ ఆమెను ప్రతి సన్నివేశం మధ్యలో నిలబెట్టడంతో మిగతావారికి చోటు లేకుండా పోయింది. తన మూలాలు వెతుక్కుంటూ మనతో వచ్చిన నేస్తం క్రైల్ చాలాసేపు వెనక వరుసలో నిలబడుతుంది. మన పాత సహచరులు థాన్‌క్రెడ్, ఉరియాంజెర్ ప్రత్యర్థి కోనా పక్షాన ఉంటారు. మన ఆప్తులే మనకు ఎదురు నిలవడం అంటే ఎంత రసవత్తరంగా ఉండాలి! నాలుగు మర్యాద మాటలతో సరిపెట్టేశారు.

మమూక్ దగ్గర మాత్రం కథ ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. అప్పటిదాకా మరో పోటీదారు బకూల్ జా జా ఒట్టి దుర్మార్గుడిగా కనిపిస్తాడు. వాలిగర్మాండను విడిపించింది కూడా అతనే. అతని ఊరైన మమూక్‌కు వెళ్లాక అసలు విషయం తెలుస్తుంది. రెండు తలల వారసుడు పుట్టాలనే ఆశతో ఆ జాతి ఎన్నో గుడ్లను పోగొట్టుకుంది. పుట్టకుండానే పోయిన తోబుట్టువుల భారమంతా అతని భుజాల మీద ఉంది. వెలుతురు పెద్దగా చొరబడని ఆ అడవి, అక్కడి పేదరికం, గెలిచి తీరాలన్న అతని కసి, అన్నీ ఒకదానికొకటి ముడిపడతాయి. ఇంత బాగా రాయగలిగినవారు మిగతా ఊళ్లను అలా వదిలేశారే అని బాధ కలుగుతుంది. ఆ తర్వాత అతణ్ణి మరీ తొందరగా క్షమించేయడం కూడా నాకు మింగుడుపడలేదు.

రెండో సగంలో కథ పూర్తిగా వేరే దారి పడుతుంది. నాలుగో పోటీదారు జొరాల్ జా దండయాత్ర, బయట కొద్ది కాలం గడిచేలోపు లోపల 30 ఏళ్లు గడిచిపోయిన అలెగ్జాండ్రియా రాజ్యం, నియాన్ దీపాల సొల్యూషన్ నైన్ నగరం. అక్కడ ఎవరైనా చనిపోతే, బతికున్నవారి జ్ఞాపకాల నుంచి కూడా వారిని తుడిచేస్తారు. శోకమే లేని సమాజం అన్నమాట. ఒక ఎక్స్‌పాన్షన్ మొత్తాన్నీ నడపగలిగిన ఆలోచన అది, కానీ మొదటి సగం కాలమంతా తినేయడంతో దీన్ని పరుగు మీద చెప్పాల్సి వచ్చింది. జొరాల్ జా కోపానికి మూలం ఏమిటో చివరిదాకా సరిగా అందదు.

చివరి ప్రాంతం లివింగ్ మెమరీ. చనిపోయినవారి జ్ఞాపకాలు మనుషుల రూపంలో సంతోషంగా తిరిగే చోటు. దాన్ని నిలబెట్టాలంటే ఇతర లోకాల ప్రాణశక్తిని దోచాలి. అలెగ్జాండ్రియా రాణి స్ఫీన్ తన ప్రజల కోసం అందుకు సిద్ధపడింది. మన పని ఆ ప్రాంతంలోని యంత్రాలను ఒక్కొక్కటిగా ఆపేయడం. ఆపిన ప్రతిసారీ ఆ భాగంలోని రంగులు పోతాయి, మనుషులు పోతారు. మన ప్రయాణంలో తోడున్న ఎరెన్‌విల్ తన తల్లి కహ్సియూవాతో మాట్లాడుకున్న మాటల తర్వాత కూడా మీట నొక్కాల్సింది మీరే. పైగా కథ పూర్తయ్యాక కూడా ఆ ప్రాంతం అలాగే బోసిగా ఉండిపోతుంది. ఎన్నో నెలల శ్రమతో గీసిన అందమైన ప్రదేశాన్ని ఆటగాడి చేతే చెరిపించి, తిరిగి ఇవ్వకుండా ఉండటానికి ఎంత గుండె ధైర్యం కావాలి! ఇక్కడ కథ మనల్ని నమ్మింది. కానీ ఆఖరి పోరాటం మధ్యలో వుక్ లమాట్ దూసుకొచ్చి ఆ ఘట్టాన్ని మళ్లీ తనవైపు తిప్పుకుంటుంది. ఆ క్షణం క్రైల్‌దో, ఎరెన్‌విల్‌దో అయి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

కథ అయిపోయాక ఏమిటి? ఇదే డాన్‌ట్రైల్‌కు పెద్ద దెబ్బ. కఠినమైన సావేజ్ రెయిడ్‌లు జూలై 30న తెరుచుకున్నాయి. వాటిలో దిగేవారికి పని దొరికింది. 24 మంది కలిసి ఆడే జూనో రెయిడ్ నవంబరులో వచ్చింది. కానీ తీరిగ్గా, నలుగురితో కలిసి, రోజూ కాస్త కాస్త ఆడుకునేవారికి కావాల్సిన విశాలమైన ప్రదేశం అకల్ట్ క్రెసెంట్ 2025 మే నెలాఖరుకు గానీ రాలేదు. అంటే దాదాపు 11 నెలలు. నెలనెలా చందా కట్టే ఆటలో ఇది చిన్న విషయం కాదు. వచ్చాక కూడా, అందులోని ఫోర్క్‌డ్ టవర్ అనే పెద్ద గుంపు పోరాటంలోకి మీ గుంపు మొత్తాన్నీ కలిపి తీసుకెళ్లడమే ఒక యుద్ధంలా తయారైంది. స్నేహితులతో కలిసి ఆడటానికే ఉన్న ఆటలో స్నేహితులు కలవడానికే అడ్డంకి పెడితే ఎలా?

మరి కొనాలా వద్దా? ఇప్పటికే ఎండ్‌వాకర్ పూర్తి చేసినవారైతే తప్పకుండా ఆడండి. మొదటి సగంలో ఓపిక పట్టండి, మమూక్‌లో నెమ్మదించండి, రెయిడ్‌లను వదలకండి. మధ్యలో ఆట మానేసి కథ కోసమే తిరిగి రావాలనుకుంటున్నవారు, ఒకటి రెండు నెలల చందా కట్టి, కథ, అర్కేడియన్ పూర్తి చేసుకుని ఆపేసినా నష్టం లేదు.

పూర్తిగా కొత్తవారు డాన్‌ట్రైల్‌తో మొదలుపెట్టకండి. ఇక్కడికి చేరాలంటే ముందు వచ్చిన కథలన్నీ ఆడాలి. ఆ కథలను దాటవేసే వస్తువును డబ్బు పెట్టి కొనవచ్చు గానీ, అలా చేస్తే ఉరియాంజెర్ ఎవరో తెలియకుండానే అతనితో ప్రయాణిస్తారు. కాలపరిమితి లేని ఉచిత ట్రయల్ ఉంది. రెండో ఎక్స్‌పాన్షన్ స్టార్మ్‌బ్లడ్‌తో సహా 70వ స్థాయి దాకా పైసా ఖర్చు లేకుండా ఆడవచ్చు. ఒక్క జాగ్రత్త: ఒకసారి పూర్తి ఖాతాకు మారితే మళ్లీ ఉచిత ట్రయల్‌లోకి వెళ్లలేరు. కాబట్టి ఆ ఉచిత భాగం మొత్తం ఆడేశాకే కొనుగోలు మీట నొక్కండి.