కథ వినేవాడి భుజం మీద

శ్రోతలందరికీ నమస్కారం.

మాయలూ మంత్రాలూ ఉన్న మంచి కథల సంపుటాలు ఏవో నాలుగు చెప్పమని ఎవరైనా అడిగితే, వాటిలో రాక్షసులు ఎందరున్నారో, ఎగిరే గుర్రాలు ఎన్నున్నాయో నేను లెక్కపెట్టను. ఆ కథలను ఎవరు, ఎవరికి, ఏ అవసరం కొద్దీ చెబుతున్నారో ముందుగా చూస్తాను. మన పాత కథామాలల్లో ఊరికే కథ చెప్పేవాడు కనిపించడు. ఒకడు తోటి బాటసారి వెనక్కు తిరిగిపోకుండా చెబుతాడు, ఒక హంస గడప దాటబోతున్న ఇల్లాలిని ఆపడానికి చెబుతుంది, సింహాసనానికి చెక్కిన బొమ్మ, అంటే ఒక సాలభంజిక, ఆ సింహాసనం ఎక్కబోతున్న రాజును నిలదీయడానికి చెబుతుంది, ఒక బేతాళుడు తనను మోస్తున్నవాడి నోరు తెరిపించడానికి చెబుతాడు. ఆ అవసరం బిగువుగా ఉన్నచోట ఎంతటి వింతైనా నమ్మబుద్ధి అవుతుంది. సడలినచోట పాతాళలోకం చూపించినా ఆవులింతే వస్తుంది. నేను ఈవేళ చెప్పబోయే పుస్తకాలన్నీ ఈ కొలతకు నిలిచినవే.

మొదటిది కథాసరిత్సాగరం. కాశ్మీర దేశపు సోమదేవభట్టు 11వ శతాబ్దంలో, అనంతుడనే రాజు భార్య సూర్యవతి మనసుకు ఊరట కలిగించడానికి సంస్కృత శ్లోకాలలో రచించిన గ్రంథమిది. 18 లంబకాలు, అంటే పెద్ద భాగాలు, వాటిలో 124 తరంగాలు, అంటే అధ్యాయాలు, 21 వేలకు పైగా శ్లోకాలు ఉన్న ఈ పుస్తకం పేరుకు తగినట్టే సముద్రం. వేదం వేంకటరాయశాస్త్రిగారు దీనిని తెలుగు వచనంలోకి తెచ్చారు. ఈ సముద్రానికి మూలం గుణాఢ్యుడు పైశాచీ భాషలో రాసిన బృహత్కథ అంటారు. ఆ మూలం మనకు దక్కలేదు. అది ఎలా పుట్టిందో, ఎలా కాలిపోయిందో చెప్పే కథ మాత్రం ఈ పుస్తకం మొదటి లంబకంలోనే ఉంది. ఇన్ని వేల శ్లోకాలలో నాకు అన్నిటికంటె ఇష్టమైన కథ అదే.

గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానపురంలో, అంటే నేటి పైఠణ్‌లో, సాతవాహన రాజు ఒకనాడు రాణులతో జలక్రీడలాడుతూ ఒకామె మీద నీళ్లు చల్లుతున్నాడు. ఆమె అలసిపోయి "మోదకైః" అంటూ వారించింది. "మా ఉదకైః", అంటే నీళ్లతో వద్దు అని ఆమె ఉద్దేశం. వ్యాకరణం రాని రాజు ఆ సంధి విడదీయలేక, ఆమె మోదకాలు అడిగిందనుకొని మిఠాయిలు తెప్పించాడు. రాణి ఫక్కున నవ్వి, సంధి కూడా తెలియకపోతే ఎలా అని దెప్పింది. రాజు సిగ్గుతో మంచం పట్టాడు. ఆరేళ్లలో వ్యాకరణం నేర్పుతానని మంత్రి గుణాఢ్యుడు అన్నాడు. ఆరు నెలలు చాలునని మరో మంత్రి శర్వవర్మ అన్నాడు. నువ్వు ఆ పని చేస్తే నేను సంస్కృతమూ ప్రాకృతమూ దేశభాషా మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పంతం పట్టాడు, ఓడిపోయాడు. మూడు భాషలు పోగొట్టుకున్నవాడికి చివరకు పిశాచాల భాష ఒక్కటే మిగిలింది. అడవిలో సిరా దొరకక తన నెత్తురుతోనే ఏడు లక్షల శ్లోకాల కథ రాసి రాజుకు పంపాడు. పైశాచీ ఏమిటి, నెత్తురేమిటి అంటూ రాజు తిప్పి పంపాడు.

ఇక్కడినుంచి కథకుడి నేర్పు చూడండి. గుణాఢ్యుడు కొండ మీద నిప్పు రాజేసి, ఒక్కొక్క ఆకూ పైకి చదివి ఆ నిప్పులో వేస్తుంటే, అడవిలోని మృగాలు మేత మాని, చుట్టూ చేరి, కన్నీళ్లు కారుస్తూ విన్నాయి. సోమదేవుడు మనలను ఆ కొండ మీద ఎక్కువసేపు ఉంచడు, తిన్నగా రాజుగారి వంటశాలకు తీసుకుపోతాడు. రాజుకు జబ్బు చేసింది. ఎండుమాంసం తినడమే కారణమని వైద్యులు తేల్చారు. వంటవాళ్లను అడిగితే వేటగాళ్లు తెచ్చేది ఇదేనన్నారు, వేటగాళ్లను అడిగితే కొండ మీద ఒక బ్రాహ్మణుడు చదువుతున్నాడు, మృగాలు తిండి మానేసి బక్కచిక్కిపోయాయి అన్నారు. రాజు పరుగెత్తేసరికి ఆరు లక్షలు బూడిదైపోయాయి, లక్ష మిగిలింది. ఒక కావ్యం గొప్పతనం కూరలో ముక్క రుచి చెడడం ద్వారా రాజుకు తెలిసిరావడం కంటె చక్కని కల్పనను నేను ఎక్కడా చదవలేదు.

బేతాళకథలు కూడా ఈ సాగరంలోనివే. సోమదేవుడి పుస్తకంలో రాజు పేరు త్రివిక్రమసేనుడు. మనకు మాత్రం ఆయన విక్రమార్కుడే. తెలుగువారిలో చాలామందికి ఈ కథలు చందమామ ద్వారా పరిచయం. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో, శంకర్ గీసిన బొమ్మ, అంటే చేత కత్తి, భుజాన శవం, చుట్టూ పుర్రెలతో నడిచే రాజు బొమ్మ కనబడగానే మిగతా పేజీలన్నీ వదిలి అక్కడికే పోయేవాళ్లం. చందమామలో కొత్తగా అల్లి వేసిన బేతాళకథలు వందలకొద్దీ ఉన్నాయి, వాటిలో తెలివైనవి చాలానే ఉన్నాయి. అయినా పాత పాతిక కథల కరుకుదనం వేరు. చందమామ రాజు ప్రతి చిక్కుకూ మనసుకు నచ్చే సమాధానం చెబుతాడు. పాత కథల్లో అతను చెప్పే తీర్పుతో తగవు పెట్టుకోవాలనిపిస్తుంది.

ఉదాహరణకు తలలు మారిన కథ. భర్తా, అన్నా ఇద్దరూ దేవి గుడిలో తలలు నరుక్కుని పడి ఉన్నారు. ఆ ఇల్లాలు ప్రాణం తీసుకోబోతే దేవి ప్రత్యక్షమై, తలలను మొండేలకు అతికించు, ఇద్దరూ బతుకుతారు అంటుంది. ఆమె ఆ సంతోషపు తొందరలో భర్త తలను అన్న మొండేనికీ, అన్న తలను భర్త మొండేనికీ అతికిస్తుంది. ఇప్పుడు ఆమె భర్త ఎవరు? అంగాలలో శిరస్సే ప్రధానం కాబట్టి భర్త తల ఉన్నవాడే భర్త అని రాజు ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఇది మరీ తొందరపాటు తీర్పని నా అభిప్రాయం. ఆ మొండెం ఆమెతో కలిసి పెరిగిన అన్నది కదా! కన్నడ నాటక రచయిత గిరీశ్ కర్నాడ్ 1971లో హయవదనం నాటకం రాసి, అన్న స్థానంలో స్నేహితుణ్ని నిలిపి, రాజు దాటేసిన చోటే ఆగి నిలబడ్డారు.

ఇక సింహాసన ద్వాత్రింశిక. 15వ శతాబ్దపు తెలంగాణ కవి కొరవి గోపరాజు దీనిని తెలుగు కావ్యంగా రచించాడు. పద్యాలకు జంకేవారు వచనంలో వచ్చిన విక్రమార్కుడి సింహాసనం కథలతో మొదలుపెట్టవచ్చు. దీని ఎత్తుగడ చాలా బాగుంటుంది. చేను కాపలా కాసేవాడు మంచె మీద ఉన్నంతసేపూ దారినపోయే భోజరాజు సైనికులను, రండి, కడుపునిండా తినండి అని పిలుస్తాడు; మంచె దిగగానే నా చేను పాడుచేస్తున్నారని గగ్గోలు పెడతాడు. మళ్లీ ఎక్కితే మళ్లీ దాత. భోజుడు అనుమానించి ఆ నేల తవ్విస్తే విక్రమార్కుడి సింహాసనం బయటపడుతుంది. దాని 32 బొమ్మలు ఒక్కొక్కటే నోరు విప్పి, నీకు అంతటి ఔదార్యం ఉందా అని భోజుణ్ని అడ్డుకుంటాయి. ఒక మాట చెప్పాలి: ఈ పుస్తకాన్ని ఏకబిగిన చదివితే విసుగు తప్పదు, ఎందుకంటే విక్రమార్కుడు ప్రతి కథలోనూ ఎవరికోసమో తల ఇవ్వడానికి సిద్ధంగానే ఉంటాడు. వారానికి రెండు బొమ్మలు చాలు.

గడప దాటబోతున్న ఇల్లాలిని ఆపడానికి హంస కథలు చెప్పే హంసవింశతి పెద్దల పుస్తకం, పిల్లల చేతికి ఇవ్వకండి. అయ్యలరాజు నారాయణామాత్యుడి ఈ కావ్యంలో కథలకంటె నాకు అందులోని ఆటల పేర్లూ, వృత్తులవారి పనిముట్ల పేర్లూ ఇష్టం. నిఘంటువులు రాసేవారు తరచు తలుపు తట్టే ఇల్లది.

చివరగా, మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు, 12 సంపుటాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచిపోతూ ఒక పశువులకాపరి కుర్రవాణ్ని తోడు తీసుకుంటాడు. మజిలీ మజిలీకీ కథ చెబితేనే వస్తాను, లేకపోతే ఇంటికి పోతాను అని కుర్రవాడి షరతు. ఆగిన ప్రతి ఊరిలోనూ వాడు ఏదో ఒక వింత చూసి వచ్చి అడుగుతాడు. దాని వెనుక సంగతి మణిసిద్ధుడు చెబుతాడు. రాజులకూ రాణులకూ చెప్పిన కథామాలలు మనకు చాలా ఉన్నాయి కాని, బోనం వండి, మూట మోసే కుర్రవాడు హక్కుగా కథ అడిగి చెప్పించుకోవడం ఇక్కడి సొగసు. 1951లో వచ్చిన పాతాళభైరవి సినిమా కథకు బీజం కూడా ఈ సంపుటాలలోనిదే. భాష గ్రాంథికం, మొదటి పది పేజీలు కొంచెం గరుకుగా ఉంటాయి. పైకి చదివితే ఆ గరుకు త్వరగా అరుగుతుంది. మా ఇంట్లో అట్ట ఊడిపోయిన ఒక సంపుటం ఉండేది. అది మొదలూ చివరా లేకుండానే రెండు తరాల చేత చదివించుకుంది.

వీటిలో దేనితో మొదలుపెట్టాలి అంటే, బేతాళకథలతోనే అంటాను. ఈ రాత్రి భోజనాలయ్యాక తలలు మారిన కథను ఇంట్లో నలుగురి మధ్య పైకి చదవండి. రాజు జవాబు దగ్గరకు రాగానే పుస్తకం మూసేసి, ఆ ఇల్లాలు ఎవరి వెంట వెళ్లాలో ముందుగా ఇంట్లో అందరికంటె చిన్నవాళ్లను అడగండి.

నమస్కారం.